ఇద్దరి బరువు

పొద్దున్నే ఆరు గుడ్లు ఉడకబెడతాను. నాలుగు మా ఆయనకి, పచ్చసొన తీసేసిన రెండు నాకు. తీసిన సొనలు కూడా ఆయన పళ్లెంలోకే పోతాయి. పారేయడం మా అత్తగారికి గిట్టదు. "చుక్కాని పట్టేవాడమ్మా, వాడికి బలం కావాలి. నువ్వు వేలాడేదానివేగా" అంటారు.

నిజమే. మా పోటీ పడవలో ఉండేది ఇద్దరమే. ఆయన వెనక కూర్చుని చుక్కాని పడతాడు. నేను నడుముకి తీగ తగిలించుకుని, పడవ అంచున పాదాలు ఆనించి, నీళ్ల మీదకి వాలి వేలాడతాను. గాలికి పడవ ఒరిగిపోకుండా ఆపే తూకపురాయిని నేను. గాలి ఎటు తిరుగుతోందో చూసి అరిచేదీ నేనే. పేపర్లో ఫొటో పడితే ఆయన మొహం, నా మడమలు.

వ్యాపారస్తుల ఇంట్లో పుట్టినదాన్ని. తూకం దగ్గర నన్నెవరూ మోసం చెయ్యలేరని నాకో గర్వం ఉండేది.

ఇద్దరి బరువూ కలిపి నూట ముప్పై రెండు కిలోలు దాటకూడదని కోచ్ లెక్క. ప్రతి సోమవారం పడవల షెడ్డులో తెరచాపలు తూచే కాటా మీదకి ఇద్దరం కలిసే ఎక్కుతాం. విడివిడిగా తూస్తే జంటలు పోట్లాడుకుంటాయని కోచ్ సిద్ధాంతం. ఇంట్లో కాటా పెట్టుకోవద్దని కూడా చెప్పాడు. ముల్లు గీత దాటినప్పుడల్లా మా ఆయన నావైపు చూసేవాడు. "నిన్న ఓ ముద్ద ఎక్కువే లాగించినట్టున్నావు" అనేవాడు నవ్వుతూ. తిన్నానేమో అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి ఇంకో ముద్ద తగ్గించేదాన్ని. ఇలా రెండేళ్లు.

ఒలింపిక్స్ ఎంపిక పోటీలకి ఇంకా ఐదు వారాలుందనగా చూసుకుంటే నాకు నాలుగు నెలలుగా నెలసరి లేదు. ఆలూ చూలూ తేలకముందే అత్తగారు ఊయల ఏ గదిలో వెయ్యాలో చూడ్డం మొదలుపెట్టారు. మా ఆయన వేళ్ల మీద నెలలు లెక్కేసి, "ఇప్పుడా?" అన్నాడు. నాకు మాత్రం అది సంతోషమో భయమో తేలలేదు. ఒకటి అనుకునేలోపు రెండోది గుచ్చేది.

డాక్టరమ్మ పరీక్షలు చేసి, కడుపు కాదంది. "తిండి చాలక నీ ఒళ్లు కొట్టు కట్టేసిందమ్మా" అని కాటా ఎక్కమంది. రెండేళ్ల తర్వాత ఒక్కదాన్నే ఎక్కాను. నలభై ఎనిమిది.

జంటగా పడవెక్కిన రోజు నేను యాభై ఎనిమిది, ఆయన డెబ్భై నాలుగు. మొన్న సోమవారం కూడా ఇద్దరం కలిపి నూట ముప్పై రెండే. నా పది కిలోలు ఎక్కడికీ పోలేదు. ఆయన ఒంటికి చేరాయి.

ఇంటికొచ్చి చెబితే మా ఆయన కోప్పడలేదు. నన్ను మరీ తికమక పెట్టింది అదే. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాడు. తనకి తెలుసట. ఆర్నెల్ల కిందటే జిమ్ములో తూచుకున్నాడట. తగ్గితే పట్టు పోతుందేమోనని భయపడ్డాడట. "ఐదు వారాలు ఓర్చుకో. ఇద్దరి కలా కదా. తర్వాత ఎంత తింటావో తిను, నేనే వండిపెడతా."

మూడు రోజులు ఆ మాట చుట్టూనే తిరిగాను. ఇద్దరి కల అన్నది అబద్ధం కాదు. పదేళ్లుగా నాకు తెల్లవారింది ఆ పోటీల కోసమే. ఒక పూట, ఐదు వారాలేగా అనిపించేది. ఇంకో పూట, ఇలాంటి ఐదు వారాలు ఎన్ని గడిచిపోయాయో అనిపించేది. చేతికందిన బేరాన్ని వదులుకోవడం తెలివా, పొగరా? ఆయన మీద కోపంతో నా కాళ్లు నేనే నరుక్కుంటున్నానా? తిట్టి అడిగితే ఎదురు తిరగొచ్చు. చెయ్యి పట్టుకుని అడిగినదాన్ని ఏ మాటతో కాదనాలో నాకెవరూ నేర్పలేదు.

నాలుగో రోజు కోచ్ గదికి వెళ్లాను. ఒక్కరే నడిపే పడవకి ఆడమనిషి ఎంత బరువుండాలని అడిగాను. అరవై ఏడన్నాడు. ఎవరికని అడిగాడు. నాకే అన్నాను.

టీ కప్పు కింద పెట్టాడు. "ఇన్నేళ్లలో నువ్వు చుక్కాని ముట్టుకోలేదు కదమ్మా. ఒళ్లు కూడదీసుకోడానికే ఏడాది పడుతుంది. ఈ ఒలింపిక్స్ పోయినట్టే. నాలుగేళ్ల తర్వాత వచ్చేదానికైనా వెళ్తావని నేను మాటివ్వలేను."

అన్నీ నిజాలే. అయినా ఆ ఒంటరి పడవకి పేరు నమోదు చేసుకునే ఫారం ఇమ్మన్నాను.

అలవాటు కొద్దీ జోడీ పేరు రాసే గడి కోసం వెతికాను. కనబడక కాగితం వెనక్కి తిప్పాను. ఖాళీ. కాసేపు ఆ ఖాళీనే చూశాను. మళ్లీ ముందుకు తిప్పి నా పేరు రాశాను.