జంపయ్య గుడిసెకు తాటాకు

బీడీలు చుట్టే తునికాకును కట్టలు కట్టే మధ్యాహ్నాలు నిద్ర ముంచుకొస్తుంది. అందుకే ఆకు ఆరబోసే కల్లంలో నేను కథలు చెబుతాను. మా కల్లం దుమ్ముగూడెం దాటాక అడవి అంచున ఉంది. దాని పక్కనే కప్పు ఎగిరిపోయిన పాత గుడిసె. ఈ ఎండాకాలం అందులో జంపయ్యను పెట్టాను. అలాంటి మనిషి ఎక్కడా లేడు, పుట్టించింది నేనే.

మొదట వాణ్ని భయం పుట్టేలా చెప్పాను. మాసిన గడ్డం, ఎర్రకళ్ళు, దగ్గరికెవరొచ్చినా రాళ్ళు విసరడం.

"గసోంటోడు పోతే పీడ పోతది," అంది మాలో పెద్దదైన రామక్క.

నాకు ఒళ్ళు మండింది. నేను పుట్టించిన మనిషిని అంత తేలిగ్గా తీసిపారేస్తుందా?

మరునాడు అవే రాళ్ళ సంగతి గుడిసె లోపలి నుంచి చెప్పాను. జంపయ్య ఒకప్పుడు బొగ్గుబాయిలో పనిచేశాడు. పైకప్పు కూలినప్పుడు తోటివాడి చెయ్యి పట్టి లాగాడు, అది జారిపోయింది. అప్పటినుంచి కుడిచేతికి పట్టు లేదు. ఏ ముడైనా ఎడమచేత్తోనే, తిరగేసి వేస్తాడు. ఏ కప్పు కిందా ఉండలేడు. పక్కన ఎవరు నిలబడినా పైది కూలి వాళ్ళ మీద పడుతుందని వాడి భయం. అందుకే ఆ రాళ్ళు. అడుగుల చప్పుడు వినగానే "రావద్దు, రావద్దు" అని వాడెలా గొణుక్కుంటాడో కూడా చెప్పాను. కట్టలు కట్టే చేతులు ఆగిపోయాయి. రామక్క ముక్కు చీదింది. నాకు లోలోపల గర్వంగా అనిపించింది.

ఆ ఊపులోనే ముగింపూ చెప్పేశాను. "తొలివానకు తడిసి, జ్వరమొచ్చి, గా గుడిసెలనే పోతడు."

"గుడిసె కప్పితే బతుకుతడు గదనే శోభా," అంది రామక్క.

"కప్పంటేనే వానికి భయం. ఎట్ల కప్పుతరు?"

"అడిగి చూడరాదు?"

నేను నవ్వాను. రామక్క నవ్వలేదు. పడమట మబ్బు కమ్ముతోంది.

మరునాడు ఆమె తాటాకుల మోపుతో వచ్చింది. పిచ్చి ముదిరిందని ఆటపట్టిస్తూనే అందరం లేచాం. గుడిసె కప్పేటప్పుడు లోపల ఒక మనిషి ఉండాలి. పైనుంచి దూర్చిన నారను వాసానికి ముడివేసి, కొస మళ్ళీ పైకి అందించాలి. ఎవరో ఒకరు లోపలికి వెళ్ళే ఉంటారనుకుని నేను నిచ్చెనెక్కాను. రామక్క మూసిన తలుపు ముందు నిలబడింది.

"జంపయ్యా, కప్పుతున్నం బిడ్డా. ఇది ఎవరి మీదా పడదు," అంది మెల్లగా.

తాటాకు పరిచి నార దూర్చాను. కొస పైకొచ్చింది. బిగించి, ఇంకోటి దూర్చాను. అదీ వచ్చింది.

"లోపలెవరే, గింత మంచిగ అందిస్తున్నరు?" అన్నాను.

మాలో చిన్నదైన హర్షిత గొంతు కింద నుంచి సన్నగా వినిపించింది. "అందరం ఈడనే ఉన్నం అక్కా. తలుపే తెరవలేదు."

తిరిగి చూశాను. అందరూ బయటే ఉన్నారు, తలలెత్తి నన్నే చూస్తున్నారు. ఆకు సందులోంచి వాసం వైపు వంగాను. ముడులన్నీ తిరగేసి ఉన్నాయి.

"దిగవే, జల్దీ దిగు," అంది ఎవరో.

ఆ సందులోంచే ఇంకో కొస పైకొచ్చింది. నేను అందుకునేదాకా వణుకుతూ నిలబడింది. పాపం, అంత భయంతోనూ కప్పు కిందికి వచ్చాడు. నేను దిగలేదు, ఆ కొస పట్టుకున్నాను.