ఎడమచేతి మౌస్

పాత పుస్తకాన్ని కొత్తగా బైండు చేసేవాళ్ళకి ఒక నియమం ఉంటుంది. కుట్టు విప్పేముందు పేజీలు లెక్కపెట్టుకోవాలి. ప్రతి ఫారానికీ, అంటే మడిచి కుట్టిన పేజీల కట్టకి, ఒక మూల పెన్సిలుతో సన్నగా అంకె వేసుకుని, అన్నీ ఉన్నాయని రూఢి చేసుకుని, ఆ తరవాతే బ్లేడు పెట్టి దారం తెంపాలి. ఈ బైండరు ఆ నియమాన్ని ఏనాడూ తప్పలేదు. "మా దగ్గర పేజీ పోదండీ" అనేది అతని ఊతపదం. తెంపిన పాత దారాన్ని మాత్రం ఉండచుట్టి చెత్తబుట్టలో వేసేవాడు. దాన్ని ఎవరూ అడగరు కదా.

బైండింగ్ గదిలో కిటికీ పక్కన భార్య కంప్యూటరు ఉండేది. పుస్తకాల వెన్ను మీద అంటించే పేర్లు తయారుచేయడం, బిల్లులు కొట్టడం, లైబ్రరీలకు జవాబులు రాయడం ఆవిడ పని. కొన్నేళ్ళ కిందట ఆ మిషను నత్తనడక నడుస్తుంటే, కొత్తది కొనడం దండగని ఆవిడే దాంట్లో విండోస్ తీసేసి లినక్స్ వేసుకుంది.

"ఊరికే ఇచ్చేదాంట్లో ఏం సారం ఉంటుందే?" అన్నాడతను అప్పట్లో.

"నేనూ నీకు ఊరికే వచ్చినదాన్నే. ఏం తక్కువయ్యాను?" అంది ఆవిడ, స్క్రీను మీంచి కళ్ళు తిప్పకుండా.

అతను మళ్ళీ దబ్బనం అందుకున్నాడు.

ఆవిడ పోయి ఏడాది దాటింది. ఆ బల్ల దగ్గర ఎక్కడివక్కడే ఉన్నాయి. వెన్ను మీది పేర్లు ఇప్పుడతనే రెండు వేళ్ళతో వెతుక్కుంటూ కొడుతున్నాడు. అక్షరాలు ఎలాగో దారికొచ్చాయి గానీ, మౌసుతోనే ఇబ్బంది. లోకమంతా ఎడమ మీట నొక్కితే తెరుచుకునేది, ఇక్కడ కుడి మీట నొక్కితేగాని తెరుచుకోదు. ఎడమది నొక్కితే ఏదో మెనూ పట్టిక వచ్చి మొహాన వేలాడుతుంది. ఆవిడ ఉండగానే ఒకసారి విసుక్కున్నాడు. "నీ మౌసూ నీలాంటిదే. ఎడ్డెమంటే తెడ్డెమంటుంది."

"దానికి మనిషి తెలుసు," అంది ఆవిడ.

ఆవిడది ఎడమచేతి వాటం. కత్తెర కూడా ఎడమచేతికి కుదిరేది కొనుక్కుంది. మౌసూ అలాగే చేసి అమ్ముతారు కాబోలు అనుకున్నాడతను. ఈ ఏడాదిగా తప్పు మీట నొక్కినప్పుడల్లా అతనికి కోపం రావడం మానేసింది. పట్టిక వేలాడగానే పక్కన ఎవరో ముసిముసిగా నవ్వినట్టుండేది. రోజుకి నాలుగైదు సార్లు తప్పు నొక్కేవాడు. అందులో ఒకటో రెండో కావాలనే నొక్కేవి.

అలా ఎంతకాలమైనా గడిచేదేమో. కానీ ఎక్కువ పని ఇచ్చే కాలేజీ లైబ్రరీ వాళ్ళు ఇకపై ఆర్డర్లన్నీ వెబ్‌సైటులోనే పెడతామన్నారు. ఆ సైటు ఈ మిషనులో తెరుచుకోలేదు. మీ బ్రౌజరు మరీ పాతదని గెంటేసింది. రెండు ఆర్డర్లు వేరే బైండరుకి పోయాక అతను మరదలికి ఫోన్ చేశాడు.

మరదలు ఒక బళ్ళో కంప్యూటర్ల గది చూసుకుంటుంది. ఏటా సెలవుల్లో ఆ గదిలోని మిషన్లన్నీ తుడిచేసి కొత్త లినక్స్ వేయడం ఆమెకి అలవాటైన పనే. ఆదివారం పొద్దున ఒక పెన్‌డ్రైవు, ఒక హార్డ్‌డిస్కు, కొత్త మౌసు సంచిలో వేసుకుని వచ్చింది.

"ఉన్నదాని మీదే కొత్తది ఎక్కించలేమా?" అడిగాడతను.

"ఇది మరీ పాతది బావా. ఒక్కో మెట్టూ ఎక్కిద్దామంటే మధ్యలో వచ్చినవి ఇప్పుడు దొరకవు, మెట్లే పీకేశారు. పునాది నుంచి వేసుకోవాల్సిందే. ముందు అన్నీ హార్డ్‌డిస్కులోకి తీసిపెడతాను, వేశాక మళ్ళీ సర్దేస్తాను."

"మీ అక్క చెయ్యి తగిలింది ఏదీ పోకూడదు. ఆర్డర్లు పోయినా పర్లేదు గానీ అది పోతే…" అన్నాడతను.

"పోదు బావా. నువ్వే దగ్గర కూర్చుని లెక్క చూసుకో."

ఆమె పాత మిషనుని మామూలుగా తెరవనే లేదు. పెన్‌డ్రైవు గుచ్చి దాంట్లోంచే నడిపింది. బళ్ళో కూడా అంతే చేస్తుంది. కొత్త మౌసు తగిలించబోతే అతను అడ్డం పడ్డాడు.

"ఇది నీకోసం తెచ్చాను బావా, దాని మీద కంపెనీ పేరు కూడా అరిగిపోయింది."

"అది నువ్వు వాడుకో. పని అయ్యాక నాకు పాతదే ఉండాలి." పాత మౌసుని ఊడదీసి, మెత్తటి బైండింగు గుడ్డలో చుట్టి, తన సొరుగులో పెట్టుకున్నాడు.

"బంగారం దాచినట్టు దాస్తున్నావు," అంది ఆమె. నవ్వుదామని మొదలుపెట్టి, మానేసింది.

అతను స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. ఫొటోలు, బిల్లులు, వెన్ను పేర్లు, పాటలు, ఆవిడ గీసుకున్న అట్టల నమూనాలు. ఒక్కో ఫోల్డరూ వెళ్తుంటే చిత్తుకాగితం మీద పెన్సిలుతో అంకె వేసుకున్నాడు. అవతల డిస్కులో చేరాక మళ్ళీ లెక్కపెట్టించాడు. ఒక్కటీ తగ్గలేదు.

"ఇక తెంపనా?" అంది మరదలు. ఆమెకీ ఆ గదిలో పనివాళ్ళ భాష తెలుసు.

"తెంపు," అన్నాడు.

డిస్కు మొత్తం చెరిపేయమంటారా అని మిషను అడిగితే ఆమె అవునంది. గీత ఒకటి మెల్లగా నిండుతుంటే ఇద్దరూ అన్నం తిన్నారు. కొత్త తెర వచ్చి, వాడేవారి పేరేమిటని అడిగింది. "మీ అక్క పేరే," అన్నాడు. ఫోల్డర్లన్నీ మళ్ళీ లోపలికి చేరాయి. లైబ్రరీ సైటు టక్కున తెరుచుకుంది. మరదలు లేచి కుర్చీ అతని వైపు తిప్పింది.

"రా, ఇది నీ మిషను. మొదలుపెట్టు."

అతను సొరుగులోంచి గుడ్డ విప్పి పాత మౌసు తీసి తగిలించాడు. అలవాటుగా కుడి మీట నొక్కాడు. పట్టిక వచ్చి వేలాడింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పట్టికే. ఎడమ మీట నొక్కాడు. ఫోల్డరు బుద్ధిగా తెరుచుకుంది.

"మౌసు మారింది," అన్నాడు.

"అదేం మాట? నీ కళ్ళ ముందే కదా గుడ్డలోంచి తీశావు."

"ఇది ఇలా నడవదు. దీనికి కుడి మీట నొక్కాలి. మీ అక్కది."

మరదలు ఆ మౌసు వంకా, అతని వంకా చూసింది. కొంచెం కొంచెంగా ఆమెకి అర్థమైంది. మీటలు తారుమారు చేసుకునే వీలు మిషనులోనే ఉంటుంది. వాళ్ళక్క పెట్టుకున్న అలాంటి అలవాట్లన్నీ పైకి కనపడని ఒక ఫోల్డరులో ఉంటాయి. తను కనపడేవాటినే తీసింది. పెన్‌డ్రైవులోంచి నడపడంతో మీటల సంగతి ఆమె కంటపడనే లేదు. బళ్ళో మిషన్లకు ఒక మనిషి అంటూ ఉండడు, కాబట్టి ఆ దాచిన ఫోల్డరు ఆమెకెప్పుడూ అవసరం పడలేదు.

"బావా, నాదే తప్పు. చేతులు కాలాక చెబుతున్నాను. అది మౌసులో లేదు, లోపలుంది. తుడిచేశాను."

పక్కన బల్ల మీద సగం విప్పిన పుస్తకం ఒకటుంది. ఫారాలన్నీ వరసలో ఉన్నాయి. తెంపిన దారం కింద బుట్టలో ఉంది.

"లెక్క నేనే పెట్టాను కదమ్మా," అన్నాడు దాని వంక చూస్తూ. "పేజీలన్నీ ఉన్నాయి."

ఆమె కళ్ళు తుడుచుకుని కీబోర్డు లాక్కోబోయింది. "ఒక్క క్షణం. మళ్ళీ పెట్టేస్తాను, సెట్టింగ్సులోనే ఉంటుంది."

"వద్దు. ఎక్కడో చెప్పు, నేను పెడతాను."

ఆమె చెప్పింది. అతను వెతుక్కుంటూ వెళ్ళాడు. ధ్వని, తెర, వెలుతురు దాటాక మౌసు. ముఖ్యమైన మీట ఏది, ఎడమా, కుడా? అక్కడ రెండే మాటలున్నాయి. ఎడమ మీద గుర్తు పెట్టి ఉంది. మరో చేతి వాటం ఉన్నవాళ్ళు వచ్చి మార్చుకోవాలి.

కొన్నేళ్ళ కిందట ఒకరోజు ఆవిడా ఈ బల్ల దగ్గరే కూర్చుని ఇదంతా దాటుకుంటూ ఇక్కడికి వచ్చి ఉంటుంది. అతను నాలుగడుగుల దూరంలోనే దారానికి మైనం రాసుకుంటూ ఉండి ఉంటాడు. ఏం వెతుకుతున్నావని అడగలేదు. ఆవిడా చెప్పలేదు.

కుడి అన్నదాని మీద నొక్కాడు. గుర్తు అటు జరిగింది.

"సరిపోయిందా బావా?"

"సరిపోయింది."

కానీ ఇది ఆవిడ పెట్టింది కాదు, తను పెట్టింది. ఆ సంగతి మరదలికి చెప్పలేదు.

ఆమె సంచి సర్దుకుని, గుమ్మం దగ్గర ఒక నిమిషం నిలబడి, వెళ్ళిపోయింది. అతను మౌసుని కీబోర్డుకి ఎడమవైపు, ఆవిడ చెయ్యి ఆడి బల్ల రంగు అరిగి నునుపుతేలిన చోట పెట్టాడు. ఎడమ చెయ్యి దాని మీద వేశాడు. లైబ్రరీ ఆర్డరులో మొదటి పుస్తకం పేరు తెరవబోతే, ఆ చేతికి అలవాటు లేక తప్పు మీట పడింది. పట్టిక వచ్చి వేలాడింది.

దాన్ని మూయకుండా కాసేపు అలాగే ఉంచాడు.