పందెం కారు స్ప్రింగులు

మంగళవారం కాలేజీ వదిలాక, టిఫిన్ డబ్బా పెట్టడానికి సుభాషిణి తన మెరూన్ కారు డిక్కీ తెరుస్తుంది. లోపల మెట్లున్నాయి. ఎనిమిది మెట్లు, సున్నం వేసినవి, నడుమ అరిగినవి. స్టెప్నీ టైరు మర్యాదగా పక్కకి జరిగి దారిస్తుంది.

దిగడమా మానడమా అని తటపటాయించే మనిషి కాదావిడ. పాలిటెక్నిక్‌లో ఇరవయ్యేళ్లుగా లెక్కలు చెబుతోంది. మెట్లున్నాయంటే కింద ఏదో ఉన్నట్టే కదా. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, తల తగలకుండా వంగి దిగుతుంది.

కింద మీరావలీ స్ప్రింగుల కొట్టు. నిన్నటిదాకా ఈ కొట్టు పెద్దాపురం బస్టాండు వెనక ఉండేది. మీరావలీ కూడా అదే మనిషి, చెవి వెనక పెన్సిలు, చేతిలో టీ గ్లాసు. ఆవిడ కారు కొన్నప్పటి నుంచి రిపేర్లన్నీ ఆయనవే.

"రండి మేడంగారూ. నిన్నే వత్తారనుకున్నానండి," అంటాడు.

"నిన్న తెలియలేదండి," అంటుంది సుభాషిణి.

తెలియకపోవడమే అసలు సంగతి. తొమ్మిదేళ్ల కిందట ఆవిడ కూతురు హిమజ, పందొమ్మిదేళ్ల పిల్ల, కాలవ రోడ్డు మలుపులో స్కూటీ మీద వెళ్తుంటే లారీ గుద్దింది. పిల్ల అక్కడికక్కడే పోయింది. పదకొండో రోజున పక్క ఊరివాళ్లు ఒక ట్రాక్టరు కంకర తెచ్చి, సరిగ్గా ఆ చోట రోడ్డుకి అడ్డంగా స్పీడ్ బ్రేకరు వేశారు. ఆ రోడ్డు మీద అదే పద్ధతి. ఎవరు ఎక్కడ పోతే అక్కడ ఒకటి వేస్తారు.

ఆ రోడ్డు మీదే సుభాషిణి ఉద్యోగానికి పోవాలి, రావాలి. దాని మీద కారు ఎగిరి పడ్డప్పుడల్లా ఆవిడ బండి పక్కకి తీసి ఆపేసేది. నెల తిరక్కుండానే మీరావలీ దగ్గరికి వెళ్లి, "ఉన్నవాటిలో మెత్తటివి వెయ్యండి. ఆ చోటు నాకు తెలియకూడదు," అంది. ఆయన వేశాడు. ఇటు స్ప్రింగుల మెత్తదనం, అటు లారీల రాపిడి. స్పీడ్ బ్రేకరు ఏడాదికింత చొప్పున అరిగిపోయింది. నిన్న సోమవారం పొద్దున, ఇంట్లో దోసెల పిండి పులిసిందో లేదో అనుకుంటూ వచ్చిన ఆవిడకి, కాలేజీ గేటు దగ్గర గుర్తొచ్చింది. అయ్యో, దాటేశానే! కన్నకూతుర్ని దాటేసి, పిండి గురించి ఆలోచిస్తూ వచ్చేశానే! చెప్పొద్దూ, హిమజ పోయిన రోజున కూడా ఆవిడకి తన మీద తనకి ఇంత అసహ్యం వెయ్యలేదు.

"గట్టివి కావాలండి. మీ దగ్గరున్న వాటిలోకల్లా గట్టివి."

"గట్టివంటే పందెం కార్లవి ఉన్నాయండి. రెండు కార్లు పక్కపక్కన నిలబెట్టి, పావుమైలు తిన్నగా ఉరికించేత్తారు చూడండి, అయ్యన్నమాట. వాటికి గుంటలుండవు, మలుపులుండవు. పది, పన్నెండు సెకన్లలో ఆట అయిపోద్ది. రోజూ తిరిగే బండికి అయ్యి వేత్తే నడుం పోద్దండి. పళ్లు ఊడిపోతాయండి."

"నా పళ్లే కదండీ."

మీరావలీ టీ గ్లాసు కింద పెడతాడు. మూలన చాపలా చుట్టి నిలబెట్టిన కాలవ రోడ్డుని రెండు చేతులా ఎత్తి తెచ్చి పరుస్తాడు. రోడ్డు దొర్లే కొద్దీ కొట్టు పొడుగవుతుంది. పద్దెనిమిది కిలోమీటర్లూ పరిచేసరికి చివర గోడ మీది క్యాలెండరు తపాలా బిళ్లంత కనిపిస్తోంది.

"చూసుకుని తీసుకోండి," అని ఒక స్ప్రింగు చేతికిస్తాడు.

సుభాషిణి చెప్పులు విప్పి రోడ్డు పక్కన నడుస్తూ, స్ప్రింగుని తారు మీద నిలబెట్టి, పైన అరచెయ్యి ఆనించి చూస్తుంది. మొదటిది తన కార్లో ఉన్నలాంటిదే. చేతికి ఏమీ తెలియదు. రెండోదానికి రైల్వే గేటు తెలుస్తుంది, వంతెన అతుకు తెలుస్తుంది. మలుపు దగ్గర మాత్రం నున్నగా జారిపోతుంది.

మూడోది నల్లగా, ఆవిడ మణికట్టంత లావుంది. పందెం కారుది. దాన్ని ఆనించగానే, రోడ్డు మీద ఎవరో ఆరబోసి ఎత్తుకుపోయిన ధాన్యంలో మిగిలిన గింజ చేతికి తగులుతుంది. బస్సు టిక్కెట్టు తగులుతుంది. ఏనాడో సడన్ బ్రేకు వేసిన టైరు గీత తగులుతుంది. మలుపు దగ్గర ఆగుతుంది. స్ప్రింగు ఎత్తి పెడుతుంది. గోరు మందం. ఉంది. ఇంకా ఉంది.

"ఇవే వెయ్యండి."

"ఒక్కమాటండి," అంటాడు మీరావలీ రోడ్డు చుట్టేస్తూ. "స్ప్రింగుకి మనోళ్లు, పరాయోళ్లు అనేం ఉండదండి. ఆ దారిలో ముప్పయ్యొకటి ఉన్నాయి. అందరూ తెలుత్తారు మీకు."

"తొమ్మిదేళ్లుగా రోజుకి రెండుసార్లు అందరి మీంచీ వెళ్లానండి. ఒక్కసారైనా ఎవరని అడిగానా?"

మీరావలీ పెన్సిలు తీసి, ఆవిడ అరచేతిలో నాలుగని రాస్తాడు. ఆవిడ మెట్లెక్కి పైకొచ్చేసరికి నాలుగు చక్రాలకీ కొత్త స్ప్రింగులు బిగించి ఉన్నాయి. ఎండ ఎక్కడిదక్కడే ఉంది.

మొదటి స్పీడ్ బ్రేకరు మీద ఆవిడ వెన్నుపూస ఒక్కొక్కటీ విడివిడిగా లేచి కూర్చుంటుంది. అద్దంలో చూస్తే, వెనక సీట్లో ఒకాయన పాల క్యాన్లు ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు.

"మెల్లగా పోనివ్వండమ్మా. నాకిప్పుడు తొందరేం లేదు," అంటాడు.

రెండోదాని మీద సైకిలుతో సహా ఇద్దరు అన్నదమ్ములు. మూడోదాని మీద చేపల గంపతో ఒక ముసలమ్మ, "కాత్త జరుగు నాయనా" అంటూ సర్దుకుంటుంది. ఎక్కేవాళ్లు ఎక్కుతున్నారు, వెనక సీటు పొడుగవుతోంది. వంతెన దాటేసరికి ఇరవై రెండు మంది. అంతమంది ఎక్కినా కారు వెనకభాగం నూలుపోగంత కూడా దిగలేదు. పందెం స్ప్రింగులు మరి!

మలుపు వస్తోంది. ఇప్పుడు కూడా తెలియకపోతే? వెనకవాళ్లంతా ముందుకి వంగి చూస్తారు. ఆవిడ ఎక్సలేటరు మీంచి కాలు తీసేస్తుంది.

టక్.

అంతే. గోటితో బల్ల మీద కొట్టినంత. పక్క సీట్లో హిమజ కూర్చుని ఉంది, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని.

"నిన్న ఆగలేదేమ్మా?"

"దోసెల పిండి గురించి ఆలోచిస్తున్నానే."

"పులిసిందా?"

"పులిసింది."

హిమజ తలూపుతుంది. ఆ తలూపడానికి కారు దిగడం మొదలుపెడుతుంది. ఇరవై రెండు మందికి చలించని స్ప్రింగులు నలభై ఆరు కిలోల పిల్లకి చుట్టు మీద చుట్టు కుంగిపోతున్నాయి. కారు అడుగు తారుకి ఆనుతుంది. తలుపులు రోడ్డులోకి దిగుతాయి. బానెట్టూ పైకప్పూ కరిగి, ఆ అంచు నుంచి ఈ అంచుదాకా రోడ్డుకి అడ్డంగా ఒకటే గుండ్రటి గట్టు అవుతాయి. చేపల ముసలమ్మ కిందికి దిగి, కొబ్బరిపీచు సున్నంలో ముంచి, దాని మీద తెల్ల చారలు దిద్దుతుంది.

లోపల సుభాషిణి కూతురి చెయ్యి పట్టుకుని బోర్లా పడుకుని ఉంది. ఒక కాలేజీ బస్సు వచ్చి, గేరు తగ్గించి, ముందు చక్రాలు ఎక్కించి, వెనక చక్రాలు దించి పోతుంది. ఒక్కో చక్రం ఆవిడకి నడుం మీద తెలుస్తుంది. నొప్పిగానే ఉంది. చెయ్యి మాత్రం వదలదు.

"అమ్మా, ఎదురుగా చూడు," అంటుంది హిమజ.

ఎదురుగా సోమవారం పొద్దున వస్తోంది. అందులో ఒక మెరూన్ కారు, మెత్తటి స్ప్రింగులది. నడిపే ఆవిడ దోసెల పిండి గురించి ఆలోచిస్తోంది, రోడ్డు మీద ధ్యాస లేదు.

"తెలీదే దానికి. తెలియదు," అంటుంది సుభాషిణి, ఏడుపు గొంతుతో.

"అయితే లేమ్మా. ఇంకొంచెం లే."

ఇద్దరూ మోచేతులు నేలకి ఆనించి, ఊపిరి బిగబట్టి, వీపులు ఎంత ఎత్తుకి లేస్తే అంత ఎత్తుకి లేపుతారు. కారు ముందు చక్రాలు వాళ్ల మీదికెక్కి, అక్కడే ఆగిపోతాయి. పైన డోరు తెరుచుకుంటుంది, ఒక చెప్పుల కాలు రోడ్డు మీద పడుతుంది.