మూడోసారి దిగినవాళ్లు

పాఠం మంచి పట్టులో ఉండగా ఆపి "మిగతాది రేపు" అనడం నా అలవాటు. మర్నాడు పిల్లలు బడి ఎగ్గొట్టకుండా వస్తారు. మేడ్చల్ బళ్లో సోషల్ చెప్పే శ్రీనివాసరావు పాఠం టీవీ సీరియల్లా సాగుతుందని తోటి టీచర్లు ఎగతాళి చేసేవారు. నాకేమో లోలోపల గర్వం.

రెండువేల సంవత్సరం ఆగస్టులో, సముద్రం అడుగు నుంచి ఒక పాత జలాంతర్గామిని పైకి తీశారని పేపర్లో పడింది. ఇక నన్నెవరు ఆపుతారు! తొమ్మిదో తరగతిలో మొదలుపెట్టాను. అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాదివాళ్లు దక్షిణాది రేవులకు నౌకలు అడ్డం పెట్టారు. దక్షిణాదివాళ్లు బాయిలర్‌లాంటి ఇనుప గొట్టంలో ఎనిమిదిమందిని కూర్చోబెట్టి, చేత్తో మర తిప్పిస్తూ నీళ్లలోకి దింపారు. దాని పేరు హన్లీ. మొదటిసారి మునిగి ఐదుగురు పోయారు. పైకి లాగి, కడిగి మళ్లీ దింపితే ఎనిమిదిమందీ పోయారు. మళ్లీ లాగారు, మళ్లీ కడిగారు.

"మూడోసారి ఎవరైనా దిగుతారా? దిగారు! యుద్ధనౌకను ముంచారు. జలాంతర్గామి ముంచిన మొట్టమొదటి నౌక అదే. ఆ రోజు నుంచి ఏ కెప్టెనూ తన ఓడ కింది నీళ్లను నమ్మలేదు."

బెల్లు కొట్టారు. మిగతాది రేపన్నాను.

మర్నాడు హుషారుగా అందుకున్నాను. "నౌకను ముంచారు గానీ, ఆ ఎనిమిదిమందీ తిరిగి రాలేదు. నూట ముప్పై ఆరేళ్లు సముద్రం అడుగునే ఉండిపోయారు."

ముందు బెంచీలోని తేజస్వి లేచి నిలబడింది.

"సార్, మూడోసారి పోయినోళ్లు గెలిసిండ్రని మా నాయినకు జెప్పిన."

వాళ్ల నాన్న నగేష్, ఊరి బయట రసాయనాల ఫ్యాక్టరీలో కూలి. అక్కడ భూమిలోపలి ట్యాంకు కడగడానికి దిగినవాళ్లు రెండుసార్లు గ్యాసుకు చచ్చిపోయారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు.

"ఇయ్యాల నాయినను దిగమన్నరు. రానని జెప్తనన్నడు సార్. గీ ముచ్చట ఇని, మూడోసారి మంచిగనే అయితది తియ్ బిడ్డా అని పోయిండు."

ఆ పిల్లను స్కూటరెక్కించుకుని ఫ్యాక్టరీకి దూసుకెళ్లాను. గేటు దగ్గర వాచ్‌మన్ గౌరయ్య అడ్డం నిలబడ్డాడు.

"ఎవ్వల్నీ పోనియ్యొద్దన్నరు సార్. ఆళ్లు పొద్దుగాల్నే దిగిండ్రు."

బతిమాలాను. తిట్టాను. బడిపంతులు కోపానికి ఎవరు జడుస్తారు? తేజస్వి గేటు ఊచలు పట్టుకుని అరిచింది.

"నాయినా, ఆళ్లు గూడ రాలే! మూడోసారి పోయినోళ్లు గూడ రాలే!"

మిషన్ల మోతలో ఆ అరుపు పక్కనున్న నాకే సరిగా వినపడలేదు.

మధ్యాహ్నం నగేష్‌ను మోసుకొచ్చారు. అప్పటికే ప్రాణం లేదు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకూ పనికిరాని ఏడుపు. తేజస్వి ఏడవలేదు. నావైపు తిరిగి మెల్లగా అడిగింది.

"నిన్ననే మొత్తం జెప్తే ఏమైతుండె సార్?"