కొసరు అడగనివాళ్ళు

సీతాఫల్‌మండి స్టేషన్ వెనక కూరగాయల సందులో పొద్దున్న ఏడింటికల్లా గొడవ మొదలవుతుంది. గొడవంటే కొట్లాట కాదు, బేరం. ఇరవై అంటే పది, పదికి ఒప్పుకుంటే పైన గుప్పెడు కరివేపాకు కొసరు. ఆ సందులో కొసరు అడక్కుండా ఇంటికి పోయిన ఆడమనిషి లేదు. బతికున్నవాళ్ళ సంగతి చెబుతున్నాను.

పోయినవాళ్ళు అడగరు. పోయిన మూడో రోజు నుంచి నలభయ్యో రోజు దాకా, ఎప్పుడూ కొనే కొట్టు దగ్గరికే సంచి పట్టుకుని వస్తారు. ఎప్పుడూ కొనేవే కొంటారు. చెప్పిన ధర చెప్పినట్టు ఇచ్చేస్తారు. రెండు కిలోలు వేసినా వాళ్ళ సంచి కిందికి సాగదు, వాళ్ళ మీద ఈగ వాలదు. వాళ్ళిచ్చిన నోటు మధ్యాహ్నానికి గల్లాపెట్టెలో కనిపించదు. దీన్నెవరూ పెద్ద విషయంగా తీసుకోరు. "ఇన్నేండ్లు మన దగ్గర్నే కొన్నరు, గీ నెల రోజులు ఊకెనే ఇస్తే మనదేం పోయింది?" అంటుంది టమాటాల రోసమ్మ. ఎనిమిది గంటల బండి కూత పెట్టగానే వాళ్ళంతా సంచులు సర్దుకుని రైలు వంతెన మెట్లెక్కుతారు. అవతలి వైపు దిగగా చూసినవాళ్ళు లేరు.

భయమంతా బతికున్నవాళ్ళతోనే. ఇంట్లోవాళ్ళు పోయాక వరసగా మూడు రోజులు బేరం ఆడకుండా కొన్న మనిషి, నాలుగో రోజు పోయినవాళ్ళ వెంట ఆ మెట్లెక్కేస్తుంది. ఇస్త్రీ తిరుమల్ అలాగే వెళ్ళాడు, భార్య చనిపోయిన నెలలోనే. అతని బండి ఇప్పటికీ వేపచెట్టు కిందే ఉంది, సగం మడిచిన చొక్కాతో సహా.

అందుకే దేవకృప టీచర్‌కి మూడు రోజులుగా అన్నం సయించడం లేదు. పక్కింటి అతియా బేరం ఆడటం మానేసింది.

అతియా బేరమంటే ఆషామాషీ కాదు. ఆమె సందు మొదట్లో కనిపిస్తే చాలు, చివర్లో చిక్కుడుకాయల ధర తగ్గేది. భర్త నాసర్ దానికి సరిగ్గా వ్యతిరేకం. గడియారాలు బాగుచేసే మెత్తటి మనిషి. ఎంత చెబితే అంత ఇచ్చి, పుచ్చు వంకాయలు తెచ్చేవాడు. మర్నాడు ఆ వంకాయలు పట్టుకుని అతియా వచ్చేది. ఇక ఆ రోజు సందులో వేరే వినోదం అక్కర్లేదు. ఆ నాసర్ గుండె ఆగి పోయాడు. ఇవాళ నలభయ్యో రోజు. ఆయన రావడానికి ఇదే ఆఖరు, అతియా బేరం మానేసి నాలుగో రోజు.

నాలుగేళ్ళ కిందట భర్త ఐజాక్ పోయినప్పుడు దేవకృప కూడా ఇలాగే అయింది. మూడో రోజు అతియానే ఆమె కాలు కసుక్కున తొక్కి, "బెండకాయలకు అరవయ్యా? అడుగు టీచరమ్మా, అడగవేంది?" అని చెవిలో అరిచింది. నొప్పికి దేవకృప "నలభై" అంది. అని, బెండకాయల బుట్ట పక్కనే కూలబడి భోరుమంది. ఆ రోజు బతికింది తాను.

అందుకని దేవకృప పొద్దున్నే వచ్చి, అతియాకు నోరు లేచేంత ధర చెప్పమని కొట్టుకొట్టుకూ చెప్పింది. అందరూ సరేనన్నారు.

ఏడున్నరకు నాసర్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో. రెండడుగుల వెనక అతియా. ఆయన ఆగిన చోట ఆగుతోంది, ఆయన కొన్నదే కొంటోంది.

"బెండకాయ మూడు వందలమ్మా," అన్నాడు మొదటి కొట్టతను. అతియా నోట్లు చాపింది.

"కొత్తిమీర కట్ట డెబ్బై." చెప్పిన ముసలాయనకే సిగ్గేసింది. అతియా ఇచ్చింది. విన్న కొత్త గిరాకీలు మాత్రం "ఏందీ, డెబ్బయ్యా?" అని హడలిపోయి వెనక్కి తిరిగారు.

దేవకృప అతియా దగ్గరికి వెళ్ళి గట్టిగా కాలు తొక్కింది. కింద కాలు ఉన్నట్టు లేదు, మడిచిన పాత చీర మీద అడుగేసినట్టుంది. అతియా చేతిలో సంచి ఉల్లిగడ్డలతో నిండి ఉంది, కానీ గాలికి ఊగుతోంది. పక్కన బెల్లం బుట్ట మీద ముసిరిన ఈగలు ఆమె దాకా వచ్చి పక్కకు మళ్ళుతున్నాయి. ఎనిమిదికి పది నిమిషాలుంది.

ఆమె పరుగున రోసమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అతియాని కాదు, నాసర్‌ని మోసం చెయ్యి."

"సచ్చినోన్నా? పాపం తాకుతది టీచరమ్మా! ఇగ నా తక్కెడ నిలబడ్తదా?"

"పాపం నాకు తగలనీ. నీకు దండం పెడతా రోసమ్మా."

నాసర్ వచ్చి నిలబడ్డాడు. రోసమ్మ పారేయడానికి పక్కన పెట్టిన తట్టలోంచి పగిలి నీరు కారే టమాటాలు ఏరి తక్కెడలో వేసింది. "కిలో రెండు వందలు, నాసర్ భాయ్."

నాసర్ తలూపాడు. జేబులో చెయ్యి పెడుతూ, బతికున్నప్పటిలాగే మొహమాటంగా నవ్వాడు.

"ఏందవి?"

అతియా గొంతు ఎక్కడో బావి అడుగు నుంచి వచ్చినట్టు ఉంది. అందరూ తిరిగి చూశారు.

"టమాటాలే," అంది రోసమ్మ.

"గవి టమాటాలా? మేక సుత ముట్టదు! ఆయనకు నోట్ల నాలుక లేదని గివి అంటగడ్తవా? రెండు నూర్లా? జెర అల్లాకు భయపడు రోసమ్మా! పైన ఉన్నయి తియ్యి. కిలో ఇరవై."

"ఇరవై ఐదు."

"ఇరవై!"

ఒక ఈగ వచ్చి అతియా నుదుటి మీద వాలింది. విసుగ్గా తోలుకుంది. అదే క్షణంలో ఉల్లిగడ్డల సంచి ధబ్బున బరువెక్కి ఆమెను ఒక పక్కకు లాగింది. దేవకృప పట్టుకోబోయింది, కానీ అతియా చూసే స్థితిలో లేదు. ఒక్కొక్క టమాటా నొక్కి నొక్కి ఏరుతోంది.

"ఇరవయ్యే తల్లీ, తీస్కో," అంది రోసమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"ఇంకో రెండెయ్యి, కొసరు."

బండి కూత పెట్టింది.

"ఇగో, సంచి పట్టున్రి," అంటూ అతియా వెనక్కి తిరిగింది. పక్కన ఎవరూ లేరు. వంతెన మెట్ల మీద చాలామంది ఎక్కుతున్నారు, వాళ్ళలో ఇస్త్రీ చొక్కా వీపు ఒకటి. అది వెనక్కి తిరగలేదు. అతియా ఒక అడుగు వేసింది. ఉల్లిగడ్డల బరువు భుజాన్ని గుంజింది. ఆగిపోయింది.

మెట్లు ఖాళీ అయ్యేదాకా అలాగే చూసింది. తర్వాత టమాటాలు మళ్ళీ తక్కెడలో పోసింది.

"సగం తీసెయ్యి రోసమ్మా. అర కిలో చాలు. నేనొక్కదాన్నే గద."

రోసమ్మ సగం తీయబోయింది. దేవకృప ముందుకొచ్చి తక్కెడ మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

"కిలో ఉండనీ. మధ్యాహ్నం నేనూ మీ ఇంట్లోనే తింటాను."