చైను ఎడమవైపు

పొద్దున్నే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టి, తడి చేతులు ఒంటి మీది చొక్కాకే తుడుచుకుంటూ మెట్లు దిగి, డ్రిల్లింగ్ మిషను ముందు కూర్చుని, మధ్యాహ్నం వంటకి మళ్ళీ మెట్లెక్కి, మళ్ళీ దిగి, చీకటి పడేదాకా సైకిలు పెడళ్ళకి రంధ్రాలు వేస్తే దాన్ని చ్వాంగ్ వాళ్ళింట్లో సాయం అంటారు. అదే మిషను ముందు కూలివాడు కూర్చుంటే పని అంటారు. ఇంటాయన చిన్‌ఫా కూర్చుంటే వ్యాపారం అంటారు. కూర్చున్నది ఆయన భార్య బీయున్ గనక సాయం.

చాంగ్‌హువా పట్నం దాటాక ఆ వీధి వీధంతా అలాంటి ఇళ్ళే. కింద మిషన్లు, పైన కాపురం. ఒక ఇంట్లో హ్యాండిళ్ళు, పక్కింట్లో మడ్‌గార్డులు, వీళ్ళింట్లో పెడళ్ళు, గేరు పళ్ళ చక్రాలు. ఏ ఇంటి ఇల్లాలినైనా సరుకు కోసం వచ్చినవాడు ఓనరమ్మా అని నోరారా పిలుస్తాడు. ఓనరమ్మకి జీతం లేదు, ఆదివారం లేదు, జ్వరం వస్తే ఆమె బదులు మిషను ముందు ఇంకో మనిషి కూర్చునే వీలూ లేదు. కూలివాళ్ళకి అన్నం వండేది ఆమే, వాళ్ళు మానేసిన రోజున వాళ్ళ మిషను నడిపేదీ ఆమే. చిన్‌ఫా మాత్రం స్నేహితులతో బీరు తాగుతూ అంటుంటాడు, "మా ఆవిడ అదృష్టవంతురాలు. బయటికెళ్ళి ఉద్యోగం చెయ్యాల్సిన ఖర్మ లేదు. ఇంటిపట్టునే ఉంటుంది, నాకు కాస్త సాయం చేస్తుంది." ఆ మాటకి బీయున్ నవ్వుతూ వేరుశనగల పళ్ళెం తెచ్చి పెట్టేది. నవ్వడం కూడా ఆ సాయంలో భాగమే.

ఆ సంవత్సరం చలికాలంలో కూతురు రూహన్ కి ఒక కోరిక పుట్టింది. ఇంజనుతో నడిచే బండి కావాలి. నాలుగు చక్రాలది, నేలకి జానెడెత్తున కూర్చుని తోలేది. ముందు తండ్రినే అడిగింది.

"ఇంజను బండా? నువ్వేమన్నా మగపిల్లాడివా?" అన్నాడు చిన్‌ఫా, పేపరు మీంచి తల ఎత్తకుండా. "అయినా నాకు తీరిక ఎక్కడ?"

పిల్ల ఏడవలేదు. వంటింట్లోకి వచ్చి, చేపకి పొలుసు గీకుతున్న తల్లి పక్కన నిలబడింది.

"అమ్మా, నీకు వెల్డింగ్ వచ్చుగా."

"నాకేం వచ్చు? ఏదో మీ నాన్నకి సాయం చేస్తాను, అంతే."

"కూలికొచ్చే ఆ-కున్ మామయ్య పనిలోకి రానప్పుడు ఆ ఇనప బల్లలన్నీ అతికించింది నువ్వేగా. నేను చూశాను. నాన్న చేసినవాటికంటే నీ అతుకులే నున్నగా ఉన్నాయి."

బీయున్ చెయ్యి చేప మీదే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ఆ ఇంట్లో ఆమె వండిన కూరలో ఉప్పు తగ్గిందని చెప్పినవాళ్ళున్నారు, నేల మీద తడి ఉందని చెప్పినవాళ్ళున్నారు, రెండోసారి కూడా ఆడపిల్లే పుట్టి పురిట్లోనే పోయినప్పుడు ఒక రకంగా మంచిదేలే అన్నవాళ్ళు కూడా ఉన్నారు. కానీ ఆమె పెట్టిన అతుకుని వంగి చూసి, నున్నగా ఉందని అన్నవాళ్ళు లేరు. తను కూడా ఎప్పుడూ అలా చూసుకోలేదు. పదకొండేళ్ళ పిల్ల, చెప్పిన మాట ఒక్కసారికి వినదు, లెక్కల్లో అత్తెసరు మార్కులు, ఆ పిల్లకి కనపడింది. చేపని అటు తిప్పి రెండోవైపు గీకింది.

"నాన్నకి చెప్పకుండా చెయ్యలేం. చెప్పే చేద్దాం. కానీ చేసేది మనమే," అంది.

"మొదట ఎవరు తోలాలి?"

"ఇంకెవరు, నువ్వే."

"మాటేనా?"

ఆ అనుమానం ఎందుకో బీయున్ కి తెలుసు. బడిలో ఆటల పోటీలకి వస్తానని మాటిచ్చి, గేటు దాకా వచ్చి, సరుకు లారీ వచ్చిందని వెనక్కి మళ్ళిన తల్లి ఆమె. నాటకానికి వస్తానని చెప్పి, అత్తగారి చుట్టాలకి వంట చేస్తూ ఉండిపోయిన తల్లి. పిల్లకి ఇచ్చిన మాటలన్నీ ఎవరి ఆకలికో ఆహుతైనవే.

"మాటే," అంది చివరికి.

ఇనప గొట్టాలు చెత్త కుప్పలోంచి ఏరుకున్నారు. చక్రాలు చిన్నపిల్లల సైకిళ్ళవి. క్లచ్చు, బ్రేకు పాడైన స్కూటరువి. ఇంజను బీయున్ పుట్టింటి నుంచి వచ్చింది. ఉల్లికాడల తోటకి మందు కొట్టే పంపు కొత్తది కొన్నాక, పాతది కొట్టంలో పడేశారు. బీయున్ తండ్రి దాన్ని గోనెసంచీలో చుట్టి బస్సు వెనక సీట్లో తనతో పాటు కూర్చోబెట్టుకుని తెచ్చాడు. "తాడు లాగితే మొండికేస్తుంది. కాసేపు ఊరుకుని మళ్ళీ లాగు. తిట్టకు," అని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. కూతురి ఇంట్లో ఎక్కువసేపు కూర్చోవడం ఆయనకి మొదటినుంచీ బెరుకే.

ఆదివారం మధ్యాహ్నాలు మిషన్లు ఆగిన వేళ తల్లీకూతుళ్ళిద్దరూ పని పట్టారు. వెల్డింగ్ ఎలా నేర్పాలో బీయున్ కి మొదట తోచలేదు. తనకెవరూ నేర్పలేదు. తిట్లు తింటూ పట్టుకున్న విద్య. కాసేపు ఆలోచించి, "కళ్ళతో చూడకు, చెవితో విను. నూనెలో వెల్లుల్లి వేగుతున్న చప్పుడు రావాలి. చిటపటలాడిందంటే మరీ దగ్గర పెట్టావన్నమాట. ఉస్సుమందంటే దూరం," అంది. పిల్ల ముఖానికి ముసుగు పెట్టుకుని కూర్చుంది. మొదటి అతుకు కాలితో తన్నగానే ఊడొచ్చింది. రెండోది కూడా.

"మాడిపోయిన వెల్లుల్లి," అంది రూహన్.

"మీ నానమ్మ వంటలా ఉంది," అంది బీయున్. అనేశాక పైకి చూసింది, ఎవరన్నా విన్నారేమోనని. ఇద్దరూ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఇంజను బిగించేటప్పుడు రూహన్ చైను కుడివైపు పెట్టింది. ఆ వీధిలో పుట్టిన పిల్ల ఇంకెటు పెడుతుంది? ఏ సైకిలుకైనా చైను కుడివైపే. వెనక చక్రాలు నేలకి తగలకుండా ముక్కాలిపీట మీదికెత్తి తాడు లాగితే చక్రాలు వెనక్కి తిరిగాయి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బీయున్ ఇంజను చుట్టూ ఒకసారి తిరిగింది. ఇంజను ఎప్పుడూ ఒకే దిక్కుకి తిరుగుతుంది. దాని మొహం, అంటే చైను తగిలించే వైపు, కుడికి పెడితే చక్రాల్ని వెనక్కి లాగుతోంది. అదే మొహం ఎడమకి తిప్పి పెడితే ముందుకి తోస్తుంది. అంతే సంగతి. బోల్టులు విప్పి, ఇంజను తిప్పి, చైను ఎడమవైపు బిగించారు.

"చైను ఎడమవైపుంటే నాన్న నవ్వుతాడమ్మా."

"నవ్వనీ. బండి ముందుకి పోతే చాలు."

వసంతంలో సమాధులు శుభ్రం చేసే పండగ నాడు చ్వాంగ్ వాళ్ళ కుటుంబమంతా ఊరి బయట పాత ఇంట్లో కలుస్తారు. ఆ ఇంటి ముందు వడ్లు ఆరబోసే ఇటుకల కళ్ళం పెద్దది. బండి తోలడానికి అంతకంటే మంచి చోటు లేదు. ఆ ఉదయం బీయున్ అట్లలోకి కూరలు తరుగుతుంటే చిన్‌ఫా తనే బండిని వ్యానులోకి ఎక్కించాడు. ఎక్కించేముందు చాలాసేపు కింద స్పానరు చప్పుడైంది. ఆయన సాయం చేస్తున్నాడు కాబోలనుకుని బీయున్ మనసులో సంతోషించింది కూడా.

సమాధుల దగ్గర పని అయ్యాక కళ్ళంలో బండి దింపారు. బీయున్ చూసింది. చైను కుడివైపు మెరుస్తోంది.

"రూహన్ నాన్నా, ఇంజను తిప్పావా?"

"తిప్పక? చైను ఎడమవైపు పెట్టుకుని పదిమందిలోకి తెస్తే సైకిలు వ్యాపారంలో ఉన్నవాణ్ణి నా మొహం ఎక్కడ పెట్టుకోను? పుట్టిన దగ్గర్నుంచీ చైన్లు చూస్తున్నాను. ఏ చైనన్నా ఎడమవైపు ఉందా?"

"అది సైకిలు కాదు. ఇది అలా పెడితే..."

"పాలు పితికే చేతులతో పాఠాలు చెప్పకు," అన్నాడు. బీయున్ జన్మలో పాలు పితకలేదు. ఆమెది ఉల్లికాడల ఇల్లు. ఆ సంగతి ఆయన మర్చిపోయి చాలా ఏళ్ళయింది.

ఈలోగా చిన్‌ఫా అన్నగారు బండి చుట్టూ తిరిగి, "భలే చేశావురా," అన్నాడు. చిన్‌ఫా భుజాలు ఎగరేసి, "ఏదో తీరిక చూసుకుని. వీళ్ళూ కాస్త సాయం చేశారులే," అన్నాడు. అత్తగారు వెదురు కుర్చీలోంచే చెయ్యెత్తి పెద్దకొడుకు కొడుకుని పిలిచింది. "తింగ్‌వెయ్, రారా నాయనా. పెద్ద మనవడివి. ముందు నువ్వెక్కు."

రూహన్ తల్లి మొహంలోకి చూసింది. ఆ చూపులో కోపం లేదు. అలవాటు ఉంది. కోపం ఉంటే బీయున్ తట్టుకునేది. ఆ అలవాటుని తట్టుకోలేకపోయింది. బండి వెనక ఆడుకుంటున్న పసిపిల్లల్ని ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని బండి ముందువైపుకి తెచ్చి నిలబెట్టింది. తింగ్‌వెయ్ చెవి దగ్గర వంగి, "మెల్లిగా నొక్కు. భయమేస్తే ఎడమకాలు బ్రేకు," అని చెప్పింది. అది చూసి రూహన్ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకోడానికి.

చిన్‌ఫా తాడు లాగాడు. తింగ్‌వెయ్ నొక్కాడు. బండి గంభీరంగా వెనక్కి బయల్దేరింది. వాడు చక్రం తిప్పుతూ "బాబాయ్, బాబాయ్" అంటుండగానే, ముల్లంగి ముక్కలు ఆరబెట్టిన వెదురు చాటల మీదెక్కి, ఎండిన వేరుశనగ తీగల కుప్పలోకి వీపుతో దూరి ఆగింది. వాడికి దెబ్బ తగల్లేదు. తల నిండా ఆకులతో బయటికొచ్చాడు. కళ్ళమంతా విరగబడి నవ్వింది.

"ఏరా, రొయ్యలా వెనక్కి నడిచే బండి చేశావా?" అన్నాడు అన్నగారు.

చిన్‌ఫా మొహం కందగడ్డలా అయింది. "వీళ్ళని ముట్టుకోనిస్తే ఇంతే. ఏం బిగించావే?" అని బీయున్ వైపు తిరిగాడు.

ఇక్కడ బీయున్ తల వంచుకుని నాదే పొరపాటు అనాలి. అందరూ దానికోసమే నవ్వు ఆపారు. తక్కువ కొలతలతో వెనక్కొచ్చిన సరుకు, వాన రోజున ఆరేసిన బట్టలు, ఆయన మర్చిపోయిన పుట్టినరోజు, అన్నీ ఆమె పొరపాట్లుగానే ఆ ఇంట్లో చెల్లుబాటయ్యాయి. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా, అలవాటైన దారి గదా. రూహన్ ఆకుల్లోంచి బండిని బయటికి లాగుతోంది, ఒక్కతే.

"నేను చైను ఎడమవైపు బిగించాను," అంది బీయున్. "అలా ఉంటే ముందుకి పోతుంది. ఈ పొద్దున్న దాన్ని కుడికి తిప్పింది నువ్వు. బండి చేసింది నేనూ రూహనూ. రూహన్, స్పానరు ఇలా ఇవ్వు."

గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే అందరికీ వినపడింది. కళ్ళం మీద మోకాళ్ళు ఆనించి కూర్చుని, పండక్కి కట్టుకున్న మంచి బట్టల్లోనే బోల్టులు విప్పింది. అన్నగారు వంగి అతుకులు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఇంజను బరువుకి ఒక చెయ్యి వేశాడు.

"మరీ అందరి ముందా చెప్పేది?" అన్నాడు చిన్‌ఫా, గొంతు తగ్గించి.

"నువ్వు అడిగింది అందరి ముందేగా."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమెకి నిజంగానే ఆయన మీద కోపం రావడం లేదు. ఆయన ఆ ఇంజను తిప్పకపోతే బండి చక్కగా ముందుకే పోయేది, పేరూ చక్కగా ఆయనకే పోయేది, తను పక్కన నిలబడి నవ్వేది. అంత పెద్ద ఉపకారం పెళ్ళయ్యాక ఆయన చేసింది ఇదే.

బిగింపు అయింది. "ఇక ఎక్కరా తింగ్‌వెయ్," అంది అత్తగారు.

"లేదత్తయ్యా, మొదట రూహన్. నేను మాటిచ్చాను."

"పెద్ద మనవడుండగా..."

"సమాధి దగ్గర మొదటి అగరొత్తి వాడే వెలిగించాడు. అది వాడి వంతు. ఇది దీని వంతు."

రూహన్ అప్పటికే కూర్చుంది. తాడు మొండికేసింది. బీయున్ తిట్టలేదు, కాసేపు ఊరుకుని మళ్ళీ లాగింది. బండి దడదడమంటూ ముందుకి పోయింది, కళ్ళం చివరిదాకా, అక్కణ్ణించి మలుపు తిరిగి, పిల్ల జడ వెనక్కెగురుతుండగా తిరిగొచ్చింది. బీయున్ కళ్ళు చెమర్చాయి. ఎవరికి దణ్ణం పెట్టుకోవాలో తెలియక బండికే పెట్టుకుంది, మనసులో. ఉల్లికాడల తోటకి, టీ తాగకుండా వెళ్ళిపోయిన తండ్రికి, చేప ముందు నిలబడి నీకు వచ్చుగా అన్న ఆ పిల్లకి.

రూహన్ ఆమె ముందుకొచ్చి ఆగింది. దిగింది.

"అమ్మా, ఇప్పుడు నువ్వు."

"నేనా? పట్టను."

"నీ కొలతకే చేశానమ్మా సీటు. నీకు చెప్పలేదు."

లోపల బల్ల మీద పల్చటి అట్లు దొంతరగా ఉన్నాయి. మొలకలు, మాంసం తురుము, వేరుశనగపొడి గిన్నెల్లో సర్ది ఉన్నాయి. ఒక్కొక్కరికీ చుట్టి చేతికివ్వడానికి ఇంకా ఎవరూ కూర్చోలేదు. మగవాళ్ళు బల్ల వైపు ఒకసారి, బీయున్ వైపు ఒకసారి చూస్తున్నారు.

"అట్లెవరు చుడతారే?" అంది అత్తగారు.

"ఎవరిది వాళ్ళు చుట్టుకోవచ్చత్తయ్యా. పొడి ముందు, తడి కూర తర్వాత, లేకపోతే చిరుగుతుంది."

మోకాళ్ళు రెండూ దగ్గరికి ముడుచుకుని బీయున్ కూర్చుంది. సరిగ్గా పట్టింది.

"ఎంతసేపట్లో వస్తావు మరి?" అంది అత్తగారు.

"తెలీదత్తయ్యా," అంది బీయున్, కాలు నొక్కుతూ. "ఇదే మొదటిసారి ఎక్కడం."