ఇద్రీస్ ఇస్తిఖారా

ఆ వారంలో ఇద్రీస్‌కి వచ్చినన్ని పనికిరాని కలలు చోడవరంలో మరెవరికీ వచ్చి ఉండవు. ఒక రాత్రి మాడుగుల హల్వా కొని డబ్బా బస్సులో మరిచిపోయాడు. ఇంకో రాత్రి చెరకు లారీ వెనకాల సైకిలు తొక్కుతూనే ఉన్నాడు, తెల్లారిపోయింది. కళ్లు తెరిచేసరికి వాళ్లమ్మ జైతూన్‌బీ మంచం పక్కన సిద్ధంగా ఉండేది.

"ఏటి కనపడింది? తెలుపా, పచ్చా?"

"హల్వా కనపడింది అమ్మీ."

"హల్వాది ఏ రంగు?"

గోధుమరంగు అన్నాడు. జైతూన్‌బీ నిట్టూర్చింది. తెలుపు, పచ్చ అయితే మంచిదని, నలుపు, ఎరుపు అయితే వద్దని పెద్దలు ఆమెకు చెప్పారు. గోధుమరంగు గురించి పాపం ఎవరూ ఏమీ చెప్పలేదు.

సంగతేమిటంటే, ఇద్రీస్‌కి పశువైద్య కళాశాలలో సీటు వచ్చింది. సోమవారం వెళ్లి చేరాలి. వద్దనుకుంటే ఫార్మసీ సీటు ఒకటుంది, అనకాపల్లి వైపు, రోజూ ఇంటి నుంచే బస్సులో పోయి రావచ్చు. మనసు మాత్రం పశువుల మీదే ఉంది. వాళ్ల నాన్న కాసింభాయ్‌ది బస్టాండు దారిలో మాంసం కొట్టు. సంతలో కొన్న మేక చూలుదని తేలితే కాసింభాయ్ దాన్ని కొయ్యడు, ఈనేదాకా దొడ్లో కట్టేసి మేపుతాడు. అలా ఈనిన ప్రతి మేక పక్కనా చిన్నప్పటి నుంచి కాపలా కూర్చున్నది ఇద్రీసే.

మరి అడ్డమేమిటి? కాసింభాయే అడ్డం.

"మేక, గొర్రె, ఆవు సరే," అన్నాడాయన, అన్నం ముందు కూర్చుని. తర్వాత వీధి వైపు చూసి గొంతు తగ్గించాడు. "రేపు పందికి జబ్బు సేసిందని పిలుస్తారు. గవర్నమెంటు డాక్టరువి, రానంటే కుదరదు. దాన్ని ముట్టుకున్న సేత్తో కురాను పట్టుకుంటావా? మనం తినే ముద్ద హలాలుగా రావాల. ఫార్మసీలో సేరు."

ఆ ఇంట్లో ఆ జంతువు పేరు ఎవరూ ఎత్తరు. ఆయనంతటి మనిషి పేరు పెట్టి అన్నాడంటే ఇక మాట తిరగదని ఇద్రీస్‌కి అర్థమైంది. అతనిలోనూ అదే భయం ఉంది. నాన్న దీవెన లేకుండా ఆ బస్సెక్కడం అతనికి చేతకాదు. ఎక్కకుండా జీవితమంతా మందుల పేర్లు చదువుకోవడమూ చేతకాదు. అందుకే ఇస్తిఖారా మొదలుపెట్టాడు. పడుకోబోయే ముందు రెండు రకాతుల నమాజు చేసి, ఎటు వెళ్లాలో చూపించమని దువాలో అల్లాను అడగడం. అడగడం వరకూ బాగానే జరిగింది. కలలే ఇలా ఏడిశాయి.

శుక్రవారం జుమ్మా అయ్యాక మసీదులో ఇమాం సాబును పట్టుకున్నాడు. ఆయన హల్వా కల విని చాలాసేపు నవ్వాడు.

"కల సూపించమని దువాలో ఎక్కడుందిరా నాయనా? మేలయితే తేలిక సెయ్యి, కీడయితే నన్ను మళ్లించు అని అడిగేవు. అడిగేసేక నిద్రపోతే ఎలాగ? తలుపు తోసి సూడాల గదా, తీసుందో ఏసుందో."

"మరి ఆ జంతువు సంగతి?"

"తినడం హరాం. బాధలో ఉన్నదాన్ని ఆదుకోవడం హరామని నేను సదవలేదు. పేణమున్న ఏ జీవికి మేలు సేసినా పుణ్యమే. సెయ్యి అంటుకుంటే కడుక్కుంటావు." ఇమాం సాబు నవ్వు ఆపి అతని భుజం తట్టాడు. "కాని మీ అబ్బా మనసు నేను కడగలేను. అది నీ పని."

మర్నాడు కాసింభాయ్ మేకల కోసం వడ్డాది సంతకు వెళ్లాడు. కొట్లో ఇద్రీస్ ఒక్కడే ఉన్నాడు. మధ్యాహ్నం వేళ రోడ్డుకి అవతల ఏబెల్ కనిపించాడు. చెరకు తోటల అవతల షెడ్డు వేసి పందుల్ని పెంచుతాడు. కాసింభాయ్‌కి పాత స్నేహితుడే గానీ, ఆ పని మొదలుపెట్టిన నాటి నుంచి కొట్టు మెట్లెక్కడు. ఎవరూ వద్దనలేదు, తనంతట తానే మానేశాడు. ఆ రోజూ రోడ్డు దాటి వచ్చి, కొట్టు ముందరి మురికి కాలవ అవతలే నిలబడ్డాడు.

"ఇద్రీసు బాబూ, మా దొడ్లో ఒకటి ఈనలేక సచ్చిపోతంది. పేరు మీ కొట్టు ముందర అనకూడదు గదా." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "డాక్టరుగారు సెలవులో ఉన్నారు. ఇంకో ఆయనకి ఫోను సేస్తే సాయంత్రం గాని రాలేనన్నారు. నిన్ను పిలవడానికి నోరు రావట్లేదు. కాని పొద్దున్నుంచి అరుస్తంది బాబూ."

ఇద్రీస్‌కి నాన్న మొహం గుర్తొచ్చింది. తర్వాత షట్టరు దించేశాడు. మాంసం కట్టే కవర్లు ఓ గుప్పెడు జేబులో కుక్కుకుని ఏబెల్ బండెక్కాడు.

షెడ్డు దగ్గర ఏబెల్ భార్య మణెమ్మ వేడినీళ్లతో కూర్చుని ఉంది. పంది అరవడం కూడా మానేసి ఒగరుస్తోంది. దాని కన్ను చూశాక ఇద్రీస్‌కి మరే ఆలోచనా రాలేదు. ఈనలేని మేక కన్నూ అలాగే ఉంటుంది. చేతులకు కవర్లు తొడుక్కున్నాడు, అవి రెండు నిమిషాల్లో చిరిగిపోయాయి. ఉత్త చేతికే సబ్బు రాసుకుని లోపలికి పెట్టాడు. పిల్ల అడ్డం తిరిగి ఉంది. డాక్టరుగారు మేకలకు చేస్తుంటే చూసినట్టే మెల్లగా వెనక్కి తోసి, తిప్పి, కాళ్లు దొరకబుచ్చుకుని లాగాడు. అది చచ్చి పుట్టింది. దాని వెనక ఇరుక్కుపోయినవి మాత్రం ఒకదాని తర్వాత ఒకటి బతికి బయటపడ్డాయి. మణెమ్మ ఏడుస్తూ ప్రార్థన చేసుకుంది. తల్లి తల పైకెత్తి పిల్లల్ని వాసన చూసింది.

ఇద్రీస్ ఇంటికి వచ్చి వీధి గుమ్మం తొక్కలేదు. పెరట్లోకి నడిచి, పంపు దగ్గర చేతులు దూరంగా పెట్టుకుని నిలబడి తల్లికి ఉన్నదున్నట్టు చెప్పాడు. జైతూన్‌బీ గుండెలు బాదుకోలేదు, తిట్టలేదు. మట్టి తెచ్చింది, సబ్బు తెచ్చింది, డెట్టాలు తెచ్చింది, చాలదేమోనని నిమ్మకాయ కూడా తెచ్చింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని చెంబుతో ఎత్తునుంచి నీళ్లు పోస్తోంది.

అప్పుడే వచ్చాడు కాసింభాయ్. చోడవరంలో కబురు ఆటో కన్నా ముందు పోతుంది. దారిలోనే ఆయనకు అంతా తెలిసిపోయింది. భార్య చేతిలోంచి చెంబు తీసుకుని, కొడుకు చేతుల మీద నీళ్లు పోయడం మొదలుపెట్టాడు.

"బతికిందా?"

"బతికింది. ఒక పిల్ల పోయింది, తక్కినవి బాగున్నాయి."

మరో చెంబు పోశాడు. ఆ మాట అడగడానికి ఆయనకు చాలా కష్టమైంది.

"ఒకటి సెప్పురా. నాకాడ దాచకు. నా కత్తి సూసి సిగ్గుపడి ఆ సదువు సదువుతానంటన్నావా?"

ఇద్రీస్ తల ఎత్తాడు. ఇన్నాళ్లూ నాన్న మనసులో ఇది ఉందని అతనికి తెలియదు.

"అబ్బా, మేకకి కత్తి కనపడకుండా దాస్తావు. ముందు నీళ్లు పెడతావు. ఒకదాని ఎదురుగా ఇంకోదాన్ని కొయ్యవు. జీవాల మీద జాలి నాకు ఎక్కడినుంచి వచ్చిందనుకుంటన్నావు? నీకాడే నేర్చుకున్నాను."

కాసింభాయ్ చెంబు పక్కన పెట్టాడు. మొహం అటు తిప్పుకున్నాడు.

"కాని ఒక తప్పు సేసేను," అన్నాడు ఇద్రీస్. అడక్కపోతే నిద్రపట్టదని తెలుసు. "సెయ్యి లోపల పెట్టినప్పుడు నోటమ్మట బిస్మిల్లా అని అల్లా పేరు వచ్చేసింది. ఆ జంతువు మీద. అనకూడదు గదా? తప్పయిందని తౌబా సేసుకోవాలా?"

జైతూన్‌బీ భర్త వైపు భయంగా చూసింది. కాసింభాయ్ కొడుకు తడిచేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు. ఇంకా మట్టి పూర్తిగా వదల్లేదు. ఆయనకు అది పట్టలేదు.

"నేను పొద్దు లేస్తే ఆ పేరు సెప్పి పేణం తీస్తన్నాను. ఆయన ఒప్పుకున్నాడు గాబట్టి తీస్తన్నాను. అయినా సెయ్యి ఒణుకుతాది, నీకు తెల్దు." అని కొడుకు చేతుల వైపు చూశాడు. "మన ఇంట్లో ఆ పేరు సెప్పి పేణం నిలబెట్టినోడు నువ్వే మొదలు. తౌబా ఎందుకురా?"

ఇద్రీస్ ఏడ్చేశాడు. కాసింభాయ్ చెంబు మళ్లీ తీసుకుని, మిగిలిన మట్టి కూడా తనే కడిగాడు.

"సోమవారం బస్సు ఎన్నింటికి?"

"ఆరున్నరకి."

"నేనూ వస్తాను. ఆ పూట కొట్టు తియ్యను," అన్నాడు కాసింభాయ్.